అయ్యగారి సమాధుల పుస్తకం మా దగ్గర ఉంది, సమాధుల తోట హద్దులు మీరు చూపించాలి: ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన జిల్లా కలెక్టరు గారికి, రెవెన్యూ, సర్వే, పంచాయతీ, మత్స్యశాఖ అధికారులకు, మా చుట్టుపక్కల సంఘాల పాస్టర్లకు, సంఘ పెద్దలకు, రొయ్యల చెరువుల రైతులకు,

నమస్కారం.

తీరప్రాంతంలోని ఒక పల్లెలో 55 ఏళ్లు పాస్టరుగా చేసిన పెద్దాయనకు నేను పెద్ద మనవరాలిని. ఒక ప్రైవేటు స్కూల్లో టీచరుగా పని చేస్తున్నాను. మా తాతయ్య 2024 నవంబర్‌లో, 86వ ఏట ప్రభువునందు నిద్రించారు. ఆయన్ని సమాధి చేయడానికి మేం పడ్డ అవస్థ చెప్పి, మా సమాధుల తోట హద్దులు తేల్చమని అడగడానికి ఈ లేఖ రాస్తున్నాను. ఇదే మాట ఇప్పటికి నాలుగు అర్జీల్లో రాశాం. మొదటిది 2022లో తాతయ్యే స్వయంగా తన చేతిరాతతో రాసి ఇచ్చారు. మిగతా మూడూ ఆయన పోయాక మేం ఇచ్చాం. రెండుసార్లు సోమవారం గ్రీవెన్స్‌కు వెళ్లి లైన్లో నిలబడ్డాం. ఆఖరి అర్జీ ఇచ్చిన కొన్నాళ్లకు మా బాబాయి ఫోనుకు మెసేజ్ వచ్చింది, సమస్య పరిష్కారమైందని. తోట దగ్గరికి ఎవరూ రాలేదు. కొలతలు తీయలేదు. ఒక్క రాయి పాతలేదు. అందుకే ఇక పదిమందిలో చెప్పుకోవాల్సి వచ్చింది.

ఊరి పేరు, సర్వే నంబరు, చెరువుల వాళ్ల పేర్లు ఇక్కడ రాయడం లేదు. అవన్నీ మీ దగ్గరున్న అర్జీల్లో ఉన్నాయి. ఎవరినీ రచ్చకీడ్చాలని మాకు లేదు. పైగా సంతకాలు పెట్టినవాళ్లకు ఏ ఇబ్బందీ రాకూడదన్న భయం ఉంది. ఆ భయం సంగతి కింద చెబుతాను.

ముందు ఆయన గురించి కొంచెం చెప్పనివ్వండి. ఆయన ఎలాంటి మనిషో తెలిస్తే మేం అడుగుతున్నది ఎందుకో అర్థమవుతుంది.

మా పల్లెలో ఆయన్ని అందరూ 'అయ్యగారు' అనే పిలిచేవాళ్లు. పేరు ముందు రెవరెండ్ అని రాస్తే ఒప్పుకునేవారు కాదు. 1964లో, 26 ఏళ్ల వయసులో, తాటాకు గుడిలో వాక్యం చెప్పడం మొదలుపెట్టారు. జీతమంటూ ఏమీ లేదు. ఇంటింటా ఆడవాళ్లు వంటకు బియ్యం పోసుకునేటప్పుడు ఒక పిడికెడు పక్కన తీసి కుండలో వేసేవాళ్లు, ఆదివారం ఆ బియ్యం గుడికి వచ్చేవి. మా నాన్న, అత్తయ్యలు, బాబాయిలు ఐదుగురూ ఆ పిడికెడు బియ్యంతోనే పెరిగారు. 'మీరు తిన్న ప్రతి ముద్దలో పల్లె ఉంది' అని మాకు అన్నం పెట్టేటప్పుడు గుర్తు చేసేవారు. పగలు కూలికి పోయినవాళ్లకు రాత్రిళ్లు లాంతరు పెట్టి గుడి వసారాలో అక్షరాలు దిద్దించారు. మా పల్లెలో 60 దాటిన ఆడవాళ్లలో ఇవాళ సంతకం పెట్టగలిగేవాళ్లు ఉన్నారంటే, వాళ్లకు బలపం పట్టుకోవడం నేర్పింది ఆయనే. నాలుగు అర్జీల మీద ఉన్న సంతకాల్లో చాలావరకు ఆ చేతులవే.

ఇంట్లో పెద్దరికం కూడా అలాగే చేశారు. ఐదుగురు పిల్లలు, పద్నాలుగు మంది మనవలు, మనవరాళ్లం. శనివారం రాత్రి కుటుంబ ప్రార్థనలో ఒక్కొక్కరి పేరూ చెప్పి ప్రార్థన చేసేవారు. చిన్నప్పుడు నిద్రకు తూగుతూ నా పేరు ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసేదాన్ని, వచ్చాక పడుకునేదాన్ని. మా చిన్నత్తయ్య వేరే కులం అబ్బాయిని చేసుకుంటానన్నప్పుడు సంఘంలో కొందరు మాట్లాడటం మానేశారు. ఆయన రెండు రోజులు ఉపవాసం ఉండి, మూడో రోజు తనే ఆ అబ్బాయి వాళ్లింటికి సైకిలు మీద వెళ్లి సంబంధం మాట్లాడి వచ్చారు.

ఇక ఆ పుస్తకం. పొడవాటి లెక్కల పుస్తకం, నల్ల అట్ట, వెన్నుకు గుడ్డ అంటించి ఉంటుంది. మా పల్లె సమాధుల తోటలో 1964 నుంచి పూడ్చిన ప్రతి మనిషి పేరూ అందులో రాశారు. పేరు, తండ్రి లేదా భర్త పేరు, తేదీ, ఎన్నో వరుస, గుర్తుగా ఏ చెట్టుకు ఎన్ని అడుగులు. మొత్తం 431 పేర్లు. గుడికి వచ్చినవాళ్లవి, రానివాళ్లవి, తాగి కాలువలో పడి పోయినవాళ్లవి, పుట్టిన రోజే పోయిన పసిపిల్లలవి, అన్నీ ఒకే సిరాతో, ఒకే సైజు అక్షరాలతో ఉంటాయి. ఒక పేజీలో ఇలా ఉంది: 'పేరు తెలియదు. లారీ క్లీనరు. సుమారు 20 ఏళ్లు. ఎర్ర చొక్కా. మూడో వరుస, రెండో తాటిచెట్టుకు పడమర ఏడు అడుగులు. ఎవరైనా వస్తే చూపించాలి.' ఎవరూ రాలేదు. కానీ ఈస్టర్ ముందు ఆ సమాధికి కూడా సున్నం వేయించేవారు.

ఎందుకు రాస్తారు తాతయ్యా అని ఒకసారి అడిగాను. ఆయన చెప్పిన జవాబుకు కొంచెం చరిత్ర కావాలి. 1876-78 నాటి కరువులో ఈ తీరం కూలీలు బకింగ్‌హాం కాలువ తవ్వి ప్రాణాలు నిలుపుకున్నారు. ఒంగోలు బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర ఆ కాలువలో మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టుకు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు పని ఇప్పించారు. అన్నం కోసం మతం మారారన్న మాట పడకూడదని, కరువు సాయం నడిచినంత కాలం ఆయన ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. ఆ తర్వాత 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. తాతయ్య వాళ్ల ముత్తాత ఆ వరుసలో ఉన్నాడని మా ఇంట్లో చెప్పుకుంటారు. ఆయన్ని ఎక్కడ పూడ్చారో మాత్రం ఎవరికీ తెలియదు. 'కాలువ తవ్విన మనవాళ్ల పేర్లు ఎవరూ రాసి పెట్టలేదమ్మా. నాకు చేతనైనంత నేను రాస్తున్నా' అన్నారు.

1977 నవంబర్ 19న దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు ఆయన వయసు 39. పల్లె నుంచి ఆరుగురు కుర్రాళ్లను వెంటబెట్టుకుని వెళ్లారు. పలుగులు, పారలు, ఒక బస్తా సున్నం తీసుకెళ్లారట. పదివేల మందికి పైగా పోయారు ఆ ఉప్పెనలో. కొందరిని పూడ్చారు, కొందరిని కాల్చారు, పశువుల కళేబరాల మధ్య నుంచి మనుషుల్ని వెతికి తీశారు. అక్కడ పుస్తకంలో రాయడానికి పేర్లు దొరకలేదు. తిరిగొచ్చాక చాలా రోజులు అన్నం సయించలేదని నాయనమ్మ చెప్పేది. అప్పటి నుంచి సమాధి కార్యక్రమానికి ఎవరు కానుక ఇచ్చినా ముట్టుకోలేదు.

ఇలాంటి మనిషిని మేం ఎలా సాగనంపామో ఇప్పుడు చెబుతాను.

నవంబర్ కాబట్టి ముందు రెండు రోజులు వానలు పడ్డాయి. పల్లె నుంచి తోటకు వెళ్లే డొంక ఒకప్పుడు ఎద్దుల బండి పట్టేంత ఉండేది. ఇప్పుడది రొయ్యల చెరువులో కలిసిపోయింది. మిగిలిన దారి చెరువు గట్టే. పెట్టెను ఆరుగురు మొయ్యాలి, అటు ముగ్గురు, ఇటు ముగ్గురు. గట్టు మీద ఇద్దరు పక్కపక్కన నడిచే చోటు లేదు. ముందు మా నాన్న, వెనక పెద్ద బాబాయి గట్టు మీద నడిచారు. మిగతా నలుగురు చెరువు వాలులో మోకాళ్ల లోతు బురదలో దిగి, పెట్టెను భుజాల మీద కాక చేతులతో పైకెత్తి పట్టుకుని అడుగులో అడుగు వేశారు. ఒకచోట మా తమ్ముడి కాలు జారింది. పెట్టె ఒక పక్కకు ఒరిగింది. ఆడవాళ్లం వెనక నుంచి 'అయ్యో' అని అరవడం తప్ప ఏం చేయలేకపోయాం.

తోటలో అంతకంటే ఘోరం. పొద్దున్నుంచి గొయ్యి తవ్వుతున్న కుర్రాళ్లకు రెండున్నర అడుగుల్లోనే నీళ్లు పడ్డాయి. పక్కనున్న చెరువు ఊట అది, వాననీళ్లు కావు. నోరు తుడుచుకున్నప్పుడు ఉప్పగా తగిలిందని తవ్విన అబ్బాయి చెప్పాడు. బకెట్లతో తోడుతుంటే తోడినంతా మళ్లీ ఊరేది. చెరువు కాపలా కుర్రాడు చూడలేక తనే ఇంజను తెచ్చి పెట్టాడు. అతనికి మా కుటుంబం ఎప్పటికీ రుణపడి ఉంటుంది. గంటన్నర తోడాక ఇసుక బస్తాలు పరిచి, మూడడుగుల లోతులోనే పెట్టెను దించారు. దించుతుంటే పెట్టె కింద నీళ్ల చప్పుడు వినపడింది. మా చిన్నత్తయ్య చెవులు మూసుకుంది. చెరువులో నీళ్లు చిలికే ఏరియేటర్ల హోరులో పాస్టరు గారు చేసిన ఆఖరి ప్రార్థన వెనక ఉన్నవాళ్లకు వినపడలేదు.

ఆయన కోరుకున్న చోటు కూడా అది కాదు. పుస్తకంలో 412వ పేరు మా నాయనమ్మది, 2021. తూర్పు వరుసలో చివరి సమాధి. ఆ పేరు పక్కన చిన్న అక్షరాలతో 'ఎడమ పక్క నాకు' అని రాసుకున్నారు. 2022 ఎండాకాలంలో చెరువు పెంచినప్పుడు గట్టు ఆ వరుస మీదుగా వచ్చింది. అప్పటికి ఆయన వయసు 84. కర్ర పట్టుకుని వెళ్లి, గట్టు కింద ఎక్కడో ఉన్న నాయనమ్మ సమాధిని చెట్ల గుర్తులతో అడుగులు లెక్కపెట్టి వెతికారు. రెండో తాటిచెట్టు కొట్టేశారు కాబట్టి లెక్క కుదరలేదు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి మొదటి అర్జీ రాశారు.

భూమి సంగతి క్లుప్తంగా చెబుతాను. పాత రెవెన్యూ రికార్డులో ఆ స్థలం రుద్రభూమి పోరంబోకు, అంటే శ్మశానానికి వదిలిన ప్రభుత్వ భూమి, 1 ఎకరం 32 సెంట్లు. డొంక వేరుగా ఉంది. రీసర్వేలో డ్రోను ఎగిరాక వచ్చిన కొత్త మ్యాపులో ఆ పేరు లేదు. కొంత వాగు కింద, కొంత పక్క పట్టాలో కలిసినట్టు కనిపిస్తోంది. ఇవాళ మేం నిలబడగలిగే నేల అర ఎకరం కూడా ఉండదు. హద్దు రాళ్లు వేసేటప్పుడు పక్క రైతులకు నోటీసులు ఇచ్చారు. సమాధుల తరఫున నోటీసు తీసుకునేవాళ్లు ఎవరూ లేరు. మండల ఆఫీసుకు వెళ్తే 'రికార్డులో శ్మశానం లేదు కదమ్మా' అన్నారు. 431 మందిని పూడ్చిన చోటు రికార్డులో లేదంటే ఆ రికార్డునే సరిచేయాలి కదండీ.

దీనివల్ల పల్లెలో ఎవరెవరు ఏమేం పడుతున్నారో చెబుతాను.

1. చోటు చాలక పాత సమాధుల మీదే మళ్లీ తవ్వుతున్నారు. పోయిన వానాకాలం ఒక ముసలాయన కోసం తవ్వుతుంటే చిన్న ఎముకలు బయటపడ్డాయి. పుస్తకం తీసి చూస్తే అది 1989లో పోయిన మూడేళ్ల పాపది. ఆ పాప తల్లి ఇంకా బతికే ఉంది. ఆమె అక్కడే నిలబడి ఉంది. ఆ ఎముకల్ని కొత్త గుడ్డలో మూటగట్టి అదే గోతిలో ఒక పక్కన పెట్టారు. ఆమె ఆ రోజు నుంచి తోట వైపు రాలేదు.

2. నీళ్లూరుతున్నాయని కొందరు పట్నంలోని సమాధుల తోటకు తీసుకెళ్తున్నారు. బండికి, అక్కడి స్థలానికి, పెట్టెకు, వచ్చినవాళ్ల భోజనాలకు కలిపి కూలి పని చేసుకునే ఇంటికి అది ఏడాది అప్పు. భర్త పోయిన వారానికే వడ్డీకి తెచ్చిన డబ్బు ఎలా తీర్చాలా అని ఏడ్చిన మనిషిని నేను చూశాను.

3. లోతు లేని సమాధుల్ని కుక్కలు గీరుతున్నాయి. పై నుంచి సిమెంటు పోయించుకునే స్తోమత అందరికీ లేదు. వానలకు ఆ నీళ్లే పల్లె చివర బోరింగు వైపు వస్తాయి.

4. ఈస్టర్ తెల్లవారుజామున మా పల్లె మొత్తం తోటకు వెళ్తుంది. చీకటితోనే కొవ్వొత్తులు వెలిగించి, పూలు పెట్టి, ఎవరి సమాధి దగ్గర వాళ్లు నిలబడి పాటలు పాడుకుంటారు. తాతయ్య చివరి రోజుల్లో కూడా కుర్చీలో కూర్చోబెట్టి మోసుకెళ్తే వచ్చారు. రెండేళ్లుగా ముసలివాళ్లు, పిల్లల తల్లులు చీకట్లో ఆ గట్టు మీద నడవలేక ఇంటి గుమ్మంలోనే కొవ్వొత్తి వెలిగించుకుంటున్నారు.

5. అన్నిటికంటే కష్టమైన మాట ఇది. అర్జీ మీద సంతకం పెట్టమంటే చాలామంది వెనక్కి తగ్గారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాల్లో ఉన్న దళితులకే ఎస్సీ హోదా ఉంది. క్రైస్తవులుగా మారినవాళ్లు మన రాష్ట్రంలో వెనుకబడిన తరగతుల్లోని బీసీ-సీ కిందికి వస్తారు. 'క్రైస్తవుల సమాధుల తోట అని అడిగితే రేపు మా పిల్లల సర్టిఫికెట్ల మీద పడతారేమో' అని తల్లిదండ్రుల టెన్షన్. మా పల్లెలో గుడికి వచ్చేవాళ్లు, రానివాళ్లు, బొట్టు పెట్టుకునేవాళ్లు, పెట్టుకోనివాళ్లు అందరూ తరతరాలుగా పూడ్చుకుంటూనే వచ్చారు. పుస్తకంలో అందరూ ఉన్నారు. చచ్చిపోయిన మనిషికి ఆరడుగుల నేల అడగడానికి బతికున్నవాళ్లు మతం గురించి భయపడాల్సిన పరిస్థితి ఎక్కడా ఉండకూడదు.

తాతయ్య పోయిన రెండు నెలలకే పేపర్లో ఒక వార్త చదివి మా ఇంట్లో అందరం మాట లేకుండా కూర్చున్నాం. ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ జిల్లాలో ఒక పాస్టరు గారు 2025 జనవరి 7న చనిపోయారు. సొంత ఊరి శ్మశానంలో పూడ్చనివ్వలేదు, సొంత పొలంలోనూ పూడ్చనివ్వలేదు. కొడుకు హైకోర్టుకు, అక్కడి నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లాడు. జనవరి 27న ఇద్దరు న్యాయమూర్తులు వేర్వేరు తీర్పులిచ్చారు. జస్టిస్ నాగరత్న సొంత భూమిలో పూడ్చుకోవచ్చన్నారు, జస్టిస్ సతీశ్ చంద్ర శర్మ దానికి కేటాయించిన చోటే పూడ్చాలన్నారు. శవం అప్పటికే ఇరవై రోజులుగా మార్చురీలో ఉంది కాబట్టి, ఇక ఆలస్యం వద్దని, ఊరికి ఇరవై కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న క్రైస్తవుల శ్మశానంలో పూడ్చమని ఇద్దరూ కలిసి ఆదేశించారు. మా పల్లెలో ఎవరూ మమ్మల్ని అడ్డుకోలేదు. ఊరి పెద్దలు, వేరే కులాల వాళ్లు కూడా తాతయ్యను చూడటానికి వచ్చారు, దండలు వేశారు. మా కష్టం అంత పెద్దది కాదని నాకు తెలుసు. కానీ కొట్లాట లేకుండా కూడా, కేవలం ఎవరూ కొలతలు తీయకపోవడం వల్ల, ఒక పల్లె తన శ్మశానాన్ని పోగొట్టుకోగలదు. అది ఇప్పుడే ఆపితే కోర్టుల దాకా పోయే అవసరం ఎవరికీ రాదు.

శ్మశానాలు రాజ్యాంగంలో రాష్ట్ర జాబితాలోని అంశం. గౌరవంగా అంత్యక్రియలు జరగడం జీవించే హక్కునిచ్చే 21వ అధికరణంలో భాగమేనని సుప్రీంకోర్టు పలుమార్లు చెప్పింది. గ్రామ ఉమ్మడి భూముల్లో ఆక్రమణలు తొలగించాలని 2011 జనవరి 28న జగ్‌పాల్ సింగ్ కేసులో అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. తీరప్రాంతంలో రొయ్యల చెరువు వేయాలంటే 2005 నాటి చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ ఉండాలి, నివాసాలకు, తాగునీటికి దూరం పాటించాలి. ఇవన్నీ మీకు తెలిసినవే. మేం కొత్త చట్టం ఏదీ అడగడం లేదు.

మేం అడుగుతున్నవి ఇవి.

1. పాత ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల పుస్తకం), పాత రిజిస్టరు ముందు పెట్టుకుని, మా సమక్షంలో ఆ స్థలాన్ని సర్వే చేయించండి. కొత్త మ్యాపులో తప్పు ఉంటే సరిచేసి, శ్మశానవాటికగా నమోదు చేయండి. 'వాగు' అన్న మాట తీసేయండి. తేదీ ముందుగా చెబితే పల్లె పనులు మానుకుని వస్తుంది.

2. తేలిన హద్దుల్లో రాళ్లు పాతించండి. చుట్టూ గోడ తర్వాతైనా పరవాలేదు, రాళ్లు మాత్రం ముందు కావాలి.

3. డొంకను తెరిపించండి. పెట్టె మోసే ఆరుగురు, వాళ్ల వెనక ఆడవాళ్లు, ముసలివాళ్లు పడిపోకుండా నడిచేంత వెడల్పు చాలు.

4. చెరువుకు, తోటకు మధ్య ఊట కాలువ తీయించండి. మత్స్యశాఖ వాళ్లు ఒకసారి వచ్చి, చెరువు అనుమతి ఎంతవరకు ఉందో, గట్టు ఎక్కడి దాకా వచ్చిందో చూడాలి. తోటను రెండడుగులు మెరక చేయడానికి మట్టి కావాలి. పక్క రాష్ట్రం తెలంగాణలో పల్లె ప్రగతి కింద ఉపాధి హామీ నిధులతో ఊరూరా వైకుంఠధామాలు కట్టారు. మన దగ్గర మట్టి తోలించడానికి ఏదో ఒక పద్దు దొరక్కపోదు.

5. అర్జీ మీద సంతకం పెట్టినందుకు, ఫలానా చోట తల్లిని పూడ్చుకున్నందుకు ఎవరి కుల ధ్రువీకరణ జోలికీ వెళ్లబోమని రాతపూర్వకంగా చెప్పండి. రికార్డులో ఏ మతం పేరూ రాయనక్కర్లేదు. పల్లె శ్మశానవాటిక అని రాస్తే చాలు.

6. అర్జీ పరిష్కారమైందని మెసేజ్ పంపే ముందు అర్జీ ఇచ్చిన మనిషికి ఒక్క ఫోను చేయండి.

సంఘ పెద్దలకు, పాస్టర్లకు ఒక మాట. మీలో చాలామంది మా తాతయ్య దగ్గర ప్రార్థన చేయించుకున్నవాళ్లే. ఆయన పోయాక పెట్టిన ఆదరణ కూడికలో మైకు పట్టుకుని ఆయన గురించి కన్నీళ్లతో మాట్లాడారు, మా కుటుంబం మరచిపోదు. కానీ చెప్పక తప్పదు. మా మండలంలో కొన్ని సంఘాల్లో చందా బాకీ ఉందని, వేరే సంఘానికి వెళ్తున్నారని చెప్పి సమాధికి చోటివ్వడానికి బేరం పెడుతున్నారు. మా తోట కోసం అర్జీ రాసినప్పుడు రెండు సంఘాల వాళ్లు 'ముందు అది ఎవరిదో తేలనివ్వండి' అన్నారు. అయ్యగారు ఉంటే ఆ మాట వినలేకపోయేవారు. ఆయన ఎవరినీ ఏ సంఘమని అడగలేదు. మీరు అందరూ ఒక్క కాగితం మీద సంతకం పెట్టి అధికారులకు ఇవ్వండి. ప్రతి సంఘంలో ఒక సమాధుల పుస్తకం పెట్టండి. కుర్రాళ్లలో అక్షరం బాగున్నవాళ్లకు ఆ పని అప్పగించండి, కావాలంటే ఎలా రాయాలో మా పుస్తకం చూపిస్తాను.

చెరువుల రైతులకూ ఒక మాట. మీ మీద కోపంతో ఇది రాయడం లేదు. మా కుర్రాళ్లు మీ చెరువుల్లోనే మేత వేస్తారు, పట్టుబడి రోజున వల లాగుతారు. వైరస్ వస్తే, రేటు పడిపోతే మీరెంత నష్టపోతారో దగ్గర నుంచి చూస్తున్నాం. మీకు ఆ భూమి కొలిచి చూపించినవాళ్లే తప్పు చూపించి ఉండొచ్చు. సర్వే రోజు మీరు కూడా రండి. గట్టు ఎనిమిది, పది అడుగులు వెనక్కి జరిగితే మీ చెరువు చెరువుగానే ఉంటుంది, మా తూర్పు వరుస మాకు దొరుకుతుంది. ఆ వరుసలో 19 మంది ఉన్నారు. వాళ్లలో ఇద్దరు మీ తాతల దగ్గర పాలేర్లుగా చేసినవాళ్లే. పుస్తకంలో అది కూడా రాసి ఉంది.

కలెక్టరు గారూ, ఈ సర్వే వచ్చే ఈస్టర్ లోపు జరగాలని మా విన్నపం. నెల రోజుల్లో తేదీ చెప్పకపోతే పల్లె అంతా కలిసి మీ కార్యాలయానికి వస్తాం. గొడవకు కాదు, ఆయన నేర్పినట్టు పాటలు పాడుకుంటూ వచ్చి, ఐదో అర్జీ ఇచ్చి, మీరు బయటికి వచ్చే దాకా కూర్చుంటాం.

తాతయ్య పేరు 432వది. ఆయన పోయిన రాత్రి పుస్తకంలో రాయమని మా నాన్న నాకిచ్చారు. పేరు రాశాను, తండ్రి పేరు రాశాను, తేదీ రాశాను. వరుస, చెట్టు గుర్తు రాసే గడులు అలాగే వదిలేశాను. ఆయన్ని పెట్టిన చోటు ఏ వరుసలోకి వస్తుందో హద్దులు తేలితేగాని తెలియదు. పుస్తకం జిరాక్సు మూడో అర్జీకి జతపరిచాం, 64 పేజీలు. సర్వే రోజున అసలు పుస్తకం నేనే తెస్తాను.

ఇట్లు,
పల్లె తరఫున,
అయ్యగారి పెద్ద మనవరాలు